రెండో సినిమాకు డబ్బు

కిందటి సంవత్సరం దసరా సెలవుల్లో మన పాఠశాల తెలుగు బృందం ఒక చిన్న సినిమా తీసింది. నిడివి ఎనిమిది నిమిషాలు. సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకోవడానికి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, బేర్ సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉంటున్న ఒక అన్నయ్య కథ అది. ఫలితాలు వచ్చిన రోజు ఇంటి నుంచి ఫోను మోగుతూ ఉంటుంది. ఎత్తాలా, వద్దా? అంతే కథ. రాసింది పదో తరగతి అమ్మాయి. బేర్ సరాయ్ మనకు తెలియని చోటు కాదు. పాత జె.ఎన్.యూ. ప్రాంగణం ఎదుట ఆ పుస్తకాల కొట్లు, జిరాక్సు యంత్రాలు, గోడల మీద గది అద్దెకివ్వబడును అన్న కాగితాలు మనం రోజూ చూసేవే. అందుకే సెట్టింగు ఖర్చు లేదు కదా అని పిల్లలు ధైర్యం చేశారు.

ఆ సినిమా ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పబోవడం లేదు. దాని లెక్కల పుస్తకం మా దగ్గర ఉంది. ఈ పాఠం ఆ పుస్తకం నుంచే మొదలవుతుంది.

పద్నాలుగు మంది పిల్లలు తలా 200 రూపాయలు వేసుకున్నారు. అది 2,800. ఉపాధ్యాయులం ఇద్దరం చెరి వెయ్యి ఇచ్చాం. మొత్తం 4,800. ఖర్చు అంచనా ఇలా వేశారు: మైకు, స్టాండు అద్దె రోజుకు 700 చొప్పున రెండు రోజులకు 1,400; భోజనాలు రోజుకు 900 చొప్పున 1,800; ఆటోలు 400; జిరాక్సు 100; చిల్లర సామాను 300. మొత్తం 4,000. ఇంకా 800 మిగులు! ఆ మిగులును చూసి మేమూ మురిసిపోయాం.

మొదటి రోజు సాయంత్రానికి 2,800 అయిపోయింది. షూటింగు చూడటానికి వచ్చిన స్నేహితులు కూడా భోజనానికి కూర్చోవడంతో తిండికే 1,350 అయింది. రెండో రోజు మధ్యాహ్నం పక్క మేడ మీద డ్రిల్లింగు మొదలై మూడు గంటలు ఆగలేదు. ఆ రోజుకు 2,000 పోగా పుస్తకంలో మిగిలింది సున్న. అన్నయ్య ఫోను ఎత్తే సన్నివేశం, అంటే కథలో అసలైన సన్నివేశం, ఇంకా తీయలేదు. మూడో రోజుకు ఎంత పొదుపుగా వేసినా 1,400 కావాలి.

అప్పుడు బృందంలో ఒక అబ్బాయి మేనమామగారు 3,000 ఇస్తానన్నారు. అంతకు రెండింతలు! ఆయన కోరింది చిన్న విషయమే. చివర్లో అన్నయ్య పరీక్ష పాసైనట్టు చూపించాలి, ఆ వార్త తెచ్చే తమ్ముడి వేషం మేనల్లుడికి ఇవ్వాలి. ఆయనది మంచి మనసే. దుఃఖంతో ముగిసే సినిమా పిల్లలు ఎందుకు తీయాలన్నది ఆయన బాధ. పిల్లలు సగం మంది ఒప్పుకుందామన్నారు. కథ రాసిన అమ్మాయి ఏమీ మాట్లాడలేదు.

సినిమా కంపెనీ పెట్టాలనుకునే ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి చోటికే వచ్చి ఆగుతారు. డబ్బు దొరకదు అన్నది సగం కష్టమే. దొరికిన డబ్బు తనతోపాటు ఏం అడుగుతుంది అన్నది మిగతా సగం. దీన్ని మనవాళ్లు ఎలా దాటారో చూద్దాం.

*

మొదట దాదాసాహెబ్ ఫాల్కే. బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన ఒక మూగ చిత్రం చూసి, మన పురాణ కథలను కూడా ఇలా తెర మీద చూపించాలనుకున్నారు. 1912లో లండన్ వెళ్లి కెమెరా కొనుక్కొచ్చారు. ఆ ప్రయాణానికి డబ్బు జీవిత బీమా పాలసీ తాకట్టు పెట్టి తెచ్చారు. తిరిగి వచ్చాక సినిమాకు పెట్టుబడి పెట్టేవాళ్లు కావాలి. సినిమా అంటేనే తెలియని రోజుల్లో ఎవరిస్తారు? ఆయన కుండీలో ఒక బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి తీగ సాగే దాకా రోజూ కాస్త కాస్త చిత్రీకరించి, నెల పైబడిన పెరుగుదలను తెర మీద రెండు నిమిషాల లోపే చూపించారు. మాటలతో అడిగే బదులు పని చూపించి అడిగారన్నమాట. అప్పుడు అప్పు పుట్టింది. అదీ చాలక భార్య సరస్వతీబాయి నగలు తాకట్టుకు వెళ్లాయి. షూటింగు బృందం మొత్తానికి వంట కూడా ఆమే చేశారు. ఫిల్ము కడగడంలోనూ ఆమె చెయ్యి ఉంది. మా లెక్కల పుస్తకంలో భోజనాల పద్దు చూసినప్పుడల్లా మాకు ఆమే గుర్తుకొస్తున్నారు. ఆ శ్రమకు ఏ పుస్తకంలోనూ పద్దు పడలేదు.

1913 మే 3న బొంబాయి కొరోనేషన్ సినిమా హాలులో 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. ఆడింది. అసలు విశేషం తరువాత ఉంది. అదే ఏడాది ఆయన 'మోహినీ భస్మాసుర', మరుసటి ఏడాది 'సత్యవాన్ సావిత్రి' తీయగలిగారు. నగలు ఒక్కసారే తాకట్టుకు వెళ్తాయి. రెండో సినిమాకు మళ్లీ నగలు ఉండవు. మొదటి సినిమా డబ్బు తిరిగొచ్చి రెండోదాన్ని నడిపితేనే దాన్ని కంపెనీ అనాలి. లేకపోతే అది ఒక మనిషి చేసిన ఒక సాహసం, అంతే. 1918లో ఫాల్కే భాగస్వాములతో కలిసి హిందుస్తాన్ ఫిల్మ్స్ కంపెనీ పెట్టారు. డబ్బు కొరత తీరింది కానీ భాగస్వాములతో పొసగక కొంతకాలం దాన్ని వదిలి వెళ్లిపోయారు. తరువాత మళ్లీ వచ్చారు. మేనమామగారి షరతు వంటిదే, కాస్త పెద్ద ఎత్తున.

మన తెలుగువాడు రఘుపతి వెంకయ్య నాయుడు దీన్ని వేరే దారిలో పరిష్కరించారు. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన ఆయన 1910 ప్రాంతంలో బొమ్మతోపాటు శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ఇచ్చి, తరువాత బర్మా, సిలోన్ వరకు దాన్ని తీసుకువెళ్లి చూపించారు. ఆ తరువాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టించారు. ఇవన్నీ అయ్యాకే సినిమా తీయడానికి దిగారు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకు పంపి, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. వరుస గమనించండి. ముందు యంత్రం, తరువాత ఊరూరా ప్రదర్శన, తరువాత సొంత హాళ్లు, చివరికి సినిమా. టిక్కెట్టు డబ్బు ముందుగా చేతికి వచ్చేది హాలు యజమానికి. తీసేవాడికి అందరి తరువాత వస్తుంది. వెంకయ్యగారు ఆ మొదటి చోట నిలబడి, ఆ తరువాత వెనక్కి నడిచారు. ఈ ఉపాయం అందరికీ కుదరదు, నిజమే. కానీ డబ్బు ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆ ప్రవాహాన్ని ఒక లెక్కతో చూద్దాం. అంకెలు మేము సులువు కోసం వేసుకున్నవి. నిజమైనవి ఊరిని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారతాయి. పన్ను తీసేశాక టిక్కెట్టు మీద 100 రూపాయలు మిగిలిందనుకుందాం. థియేటరు వాటా సగం అనుకుంటే 50 పోతుంది. మిగిలిన 50లో డిస్ట్రిబ్యూటరు నూటికి 20 కమీషను తీసుకుంటే 10 పోయి 40 ఉంటుంది. పోస్టర్లు, ప్రకటనలు, డిజిటల్ ప్రొజెక్షను రుసుము కలిపి టిక్కెట్టుకు 10 పడిందనుకుందాం. నిర్మాత చేతికి 30. సినిమాకు 40 లక్షలు అయిందనుకుంటే, అసలు తిరిగి రావడానికే 1,33,000 పైచిలుకు టిక్కెట్లు తెగాలి. 300 సీట్ల హాళ్లు 30 దొరికితే ఆటకు 9,000 మంది. అంటే ఆ 30 హాళ్లలోనూ దాదాపు 15 ఆటలు ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా నిండాలి. పేరున్న నటుడు లేని సినిమాకు మొదటి రోజు హాలు పావు వంతు నిండితే గొప్ప. రెండో వారానికి ఆ హాలు మనకు ఉంటుందన్న హామీ లేదు.

ఇప్పుడు వడ్డీ కలపండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మన ఊళ్లలో నెలకు అని అర్థం. 10 లక్షలు అప్పు చేస్తే నెలకు 20,000. సినిమా పూర్తయి విడుదలయ్యేసరికి 18 నెలలు పడితే 3,60,000 వడ్డీకే. అందులో ఒక్క రూపాయి కూడా తెర మీద కనిపించదు. అందుకే సినిమావాళ్లకు ఆలస్యమంటే అంత భయం. చాలాకాలం మన దేశంలో బ్యాంకులు సినిమాలకు అప్పు ఇచ్చేవి కావు. 1998లో కేంద్రప్రభుత్వం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించి, 2000లో అందుకు తగిన ఉత్తర్వు వచ్చాకే ఆ తలుపు కాస్త తెరుచుకుంది. అంతకుముందు వడ్డీ వ్యాపారి దగ్గరికో, ముందుగా అడ్వాన్సు ఇచ్చే డిస్ట్రిబ్యూటరు దగ్గరికో వెళ్లాల్సిందే. అడ్వాన్సు ఇచ్చే పెద్దమనిషి హీరో ఎవరు, పాటలు ఎన్ని అని అడిగేవాడు. అడగడంలో తప్పేముంది, డబ్బు ఆయనది.

*

ఆలస్యం గురించి చెప్పుకుంటే సత్యజిత్ రాయ్‌ని తలుచుకోకుండా ఉండలేం. ఆయన ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టారు. 1952లో మొదటి రోజు షూటింగు రెల్లు పూల మైదానంలో. అన్నట్టు మన కృష్ణా, గోదావరి గట్ల మీద శరదృతువులో తెల్లగా ఊగే రెల్లే అది. సగం సన్నివేశం తీసి, మరుసటి వారం మళ్లీ వెళితే పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూసేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది. బీమా పాలసీ మీద అప్పు, అమ్మేసిన పుస్తకాలు, రికార్డులు, తాకట్టుకు వెళ్లిన భార్య నగలు: ఇక్కడా అదే జాబితా. డబ్బు అయిపోయినప్పుడల్లా షూటింగు ఆగింది. అప్పుగా నటించిన పిల్లవాడి గొంతు మారలేదు, దుర్గ మరీ పెద్దదైపోలేదు, ముసలమ్మ వేషం వేసిన ఎనభై ఏళ్ల చునీబాలా దేవి బతికే ఉన్నారు. అదంతా అదృష్టమేనని రాయ్ తరువాత చెప్పుకున్నారు.

చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చి సినిమాను పూర్తి చేయించింది. కథ పేరులో 'పథం' ఉండటంతో ఆ డబ్బు రోడ్ల అభివృద్ధి పద్దు కింద ఇచ్చారని చెప్పుకుంటారు. 1955లో విడుదలైంది. జాతీయ ఉత్తమ చిత్రమైంది, మరుసటి ఏడాది కాన్ ఉత్సవంలో బహుమతి పొందింది. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. లాభం ఎవరికి వెళ్లింది? పెట్టుబడి ప్రభుత్వానిది కాబట్టి ప్రభుత్వానికే. మూడేళ్ల కష్టం రాయ్‌కు పేరు తెచ్చింది, రెండో సినిమాకు పెట్టుబడి తేలేదు. రెండోదైన 'అపరాజితో' ఎపిక్ ఫిల్మ్స్ పేరుతో 1956లో వచ్చింది. 1957లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. మన హాళ్లలో మాత్రం మొదటి సినిమా ఆడినట్టు ఆడలేదు.

*

తెలుగులో ఈ రెండో సినిమా చిక్కును శాంతంగా, తొందర లేకుండా దాటిన కంపెనీ అన్నపూర్ణా పిక్చర్స్ అని మా అభిప్రాయం. దుక్కిపాటి మధుసూదనరావు, అక్కినేని నాగేశ్వరరావు నాటకాల రోజుల నుంచి స్నేహితులు. 1951లో కంపెనీ పెట్టారు. తనను పెంచిన సవతి తల్లి పేరు దుక్కిపాటి దానికి పెట్టారు. దర్శకుడిగా కె.వి. రెడ్డి కావాలనుకున్నారు. ఆయనకు తీరిక లేదు. వేరే ఎవరితోనో మొదలుపెట్టేయకుండా ఆగారు. మొదటి సినిమా 'దొంగరాముడు' 1955లో వచ్చింది. నాలుగేళ్లు ఒక్క సినిమా లేని సినిమా కంపెనీ! అప్పు తెచ్చి ఆఫీసు తెరిచినవాడు ఇలా ఆగలేడు, వడ్డీ ఆగనివ్వదు. వీళ్లు ఆగగలిగారంటే కారణముంది. అక్కినేని ఇతర కంపెనీల సినిమాల్లో నటిస్తూనే ఉన్నారు. ఇల్లు గడవడానికి ఈ కంపెనీ మీద ఆధారపడలేదు.

ఆ కె.వి. రెడ్డిగారి గురించి కూడా ఒక మాట. ఆయన సినిమాల్లో మొదలైంది క్యాషియరుగా. బి.ఎన్. రెడ్డిగారి సంస్థలో లెక్కలు చూస్తూ 'భక్త పోతన'తో దర్శకుడయ్యారు. ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు, ఎన్ని అడుగుల ఫిల్ము అన్నది ముందే కట్టి, స్టాపు వాచీ దగ్గర పెట్టుకుని పనిచేసేవారని ప్రసిద్ధి. 'పాతాళ భైరవి', 'మాయాబజార్' చూసి అందులో ఒక క్యాషియరు చెయ్యి ఉందని ఎవరైనా అనుకుంటారా? లెక్క వస్తే కల్పన రాదని కామర్సు విభాగం పిల్లలను ఏడిపించే వాళ్లకు ఈ మాట చెప్పండి.

'దొంగరాముడు' తరువాత అన్నపూర్ణా వాళ్లు 'తోడికోడళ్లు', 'మాంగల్యబలం', 'వెలుగునీడలు', 'ఇద్దరు మిత్రులు' వరుసగా తీశారు. ఒకదాని రాబడి మరొకదానికి పెట్టుబడి. మరి లాభం రాదని తెలిసిన కథ ఒకటి తీయాలనిపిస్తే? అక్కినేని, దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు దానికోసం వేరే పేరు పెట్టారు: చక్రవర్తి చిత్ర. ఆ పేరు మీద 'సుడిగుండాలు', 'మరో ప్రపంచం' తీశారు. పిల్లల్లో నేరాలు, అనాథలు వీటి విషయాలు. 'సుడిగుండాలు' ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. ఏ డబ్బుతో ఏ పని చేస్తున్నామో కలగాపులగం కాకుండా పెట్టుకోవడం ఇందులో మేము నేర్చుకున్నది. నష్టం వచ్చినా తట్టుకోగల డబ్బు ఒక జేబులో, రేపటి పనికి కావలసిన డబ్బు ఇంకో జేబులో.

ఇంకో దారి గుజరాత్‌లో కనిపిస్తుంది. మన హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1976లో 'మంథన్' తీశారు. పాల సహకార సంఘాల సినిమా. దానికి నిర్మాతలు అయిదు లక్షల మంది రైతులు. తలా రెండు రూపాయలు వేశారు, పది లక్షలయింది. విడుదలయ్యాక తమ సినిమా చూసుకోవడానికి లారీల మీద పట్నానికి వచ్చారు. మన లెక్కలో చూడండి: టిక్కెట్లు తెగుతాయా అన్న ప్రశ్న ఇక్కడ చాలావరకు ముందే తీరిపోయింది. కొనేవాళ్లే పెట్టుబడిదారులు. కన్నడంలో పవన్ కుమార్ 2013లో 'లూసియా'ను ఇంటర్నెట్ ద్వారా ప్రేక్షకుల దగ్గర సుమారు 50 లక్షలు పోగుచేసి తీయడం దీనికి మనుమడి వరస. అయితే రెండు రూపాయలు వేసిన రైతు కథ మార్చమని అడగడు, అడిగినా ఒక్కడి మాట చెల్లదు. మూడు వేలు ఒక్కరే ఇస్తే వారి మాట కాదనడం కష్టం. తలా 200 వేసుకున్న మా పిల్లలు తెలియకుండానే రైతుల పద్ధతి పాటించారు. మేనమామగారి దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారబోయింది.

మన కాలానికి వస్తే, 2018 సెప్టెంబరులో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' మీలో చాలామంది చూసే ఉంటారు. దర్శకుడు వెంకటేశ్ మహాకు అది మొదటి సినిమా. నిర్మాత పరుచూరి విజయ ప్రవీణ అమెరికాలో గుండె వైద్యురాలు. సలీమా వేషం కూడా ఆమే వేశారు. విశాఖపట్నం కంచరపాలెంలో ఉండేవాళ్లనే ఎనభై మందికి పైగా నటులుగా తీసుకున్నారు. ఊరే సెట్టింగు, ఊరివాళ్లే నటులు. సినిమా పూర్తయ్యాక న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లింది. తరువాత రానా సమర్పణలో సురేశ్ ప్రొడక్షన్స్ ద్వారా హాళ్లకు చేరింది. తీయడానికి పెద్ద కంపెనీ అవసరం పడలేదు, చూపించడానికి పడింది. 30 హాళ్ల లెక్క మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకో తెలుస్తుంది. అయితే పెద్ద కంపెనీ వచ్చింది సినిమా పూర్తయ్యాక. అప్పటికి కథలో మార్చడానికి ఏమీ మిగల్లేదు. అదే దర్శకుడు, అదే నిర్మాత రెండో సినిమా 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య'ను ఆర్కా మీడియాతో కలిసి తీశారు. అది 2020లో కరోనా రోజుల్లో హాళ్లకు వెళ్లకుండా నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. రెండోదానికి ఒంటరిగా వెళ్లలేదని గమనించండి.

*

ఇక చట్టం సంగతి త్వరగా చెప్పుకుందాం, పదకొండో తరగతి బిజినెస్ స్టడీస్ వాళ్లకు ఇది చదివిందే. ఒక్కరే సొంత పేరు మీద నడిపితే సులువు, కానీ నష్టం వస్తే ఇల్లూ వాకిలీ కూడా అప్పులవాడికి జవాబు చెప్పాలి. 1932 భాగస్వామ్య చట్టం కింద కొందరు కలిస్తే ఒకరు చేసిన అప్పుకు అందరూ బాధ్యులు. 2008 చట్టం కింద వచ్చిన ఎల్.ఎల్.పి., 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఈ రెండింటిలో మీరు పెట్టిన మేరకే మీ నష్టం. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు కావాలి, 200 మందికి మించకూడదు. పద్దెనిమిది నిండనివారు భాగస్వాములు కాలేరు. అందరూ ఒప్పుకుంటే లాభంలో వాటా మాత్రం పొందవచ్చు.

దీనికంటే మా బృందానికి దెబ్బ కొట్టింది హక్కుల సంగతి. మూడో రోజు ఏమైందో ముందు చెప్పాలి. పిల్లలు మేనమామగారికి నమస్కారం పెట్టి వద్దన్నారు. మైకు అద్దెకు తీసుకోలేదు. చివరి సన్నివేశాన్ని మాటలు లేకుండా ఒక ఫోను కెమెరాతో తీశారు. అన్నయ్య ఫోను ఎత్తుతాడు, ఏం మాట్లాడాడో వినిపించదు. గొప్పగా వచ్చిందని చెప్పలేం. ఒకచోట చెయ్యి వణికింది.

డిసెంబరులో, కథ రాసిన అమ్మాయి నాన్నగారికి బదిలీ అయింది. ఆ అమ్మాయి సికింద్రాబాదు వెళ్లిపోయింది. మన పాఠశాలలో బదిలీలు కొత్త కాదు కదా, వీడ్కోలు చెప్పుకున్నారు, అంతే. ఫిబ్రవరిలో ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు సినిమా తమ దగ్గర పెట్టుకుంటామన్నారు. డబ్బు ఇవ్వరు, చాలామంది చూస్తారన్నారు. ఇక్కడున్న పదముగ్గురూ సంతోషంగా సరేనన్నారు. ఆ అమ్మాయిని అడగాలని ఎవరికీ తోచలేదు. మాకూ తోచలేదు. ఆమె దాన్ని అక్కడ ఫోనులో చూసింది. పేర్లలో 'కథ: తెలుగు బృందం' అని ఉంది.

1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. విడుదలైన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కానీ కథ వేరు, సినిమా వేరు. రాసినవారు కాగితం మీద రాసి ఇవ్వనంతవరకు కథ మీద హక్కు వారిదే. సినిమాగా తీయడానికి వారి అనుమతి ఉండాలి, ఆ అనుమతి దేనికి, ఎంతకాలం అన్నది రాసుకోవాలి. పాటల రచయితలకు, సంగీత దర్శకులకు 2012 సవరణతో రాయల్టీ మీద గట్టి హక్కు వచ్చింది. మా సినిమాకు నిర్మాత ఎవరు? డబ్బు వేసిన పదహారు మందిమీ. పదహారు మంది నిర్మాతలున్న సినిమాకు ఒక్క కాగితం లేదు. ఉన్నది ఖర్చుల పుస్తకం మాత్రమే. అందులో ఎవరు ఎంత ఇచ్చారో ఉంది, ఎవరు ఏం చేశారో లేదు. వంట పద్దు లేని సరస్వతీబాయి గురించి పైన బాధపడిన మేము, మా కళ్ల ముందే కథ పద్దు రాయడం మరిచిపోయాం.

ఆ అమ్మాయికి ఫోను చేశాం. రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు మాట్లాడింది. సినిమా తీసేయమనలేదు, పేరు వేయమంది, ఇంకెక్కడైనా పెట్టేముందు తనను అడగమంది. చానెల్ వాళ్లతో మాట్లాడి సినిమాను వెనక్కి తీసుకుని, పేరు వేసి మళ్లీ ఇచ్చాం. అందుకు పదకొండు రోజులు పట్టింది.

ఈ ఏడాది పిల్లలు రెండో సినిమా తీస్తామంటున్నారు. మొదటి సినిమా నుంచి వచ్చిన రాబడి సున్న కాబట్టి మళ్లీ చందాలే. ఈసారి తలా 250 అనుకుంటున్నారు. కొత్త లెక్కల పుస్తకంలో మొదటి పేజీ ఖర్చులకు కాదు. అక్కడ మూడు పంక్తులు రాశారు: కథ ఎవరిది, సినిమా ఎవరెవరిది, ఎవరికైనా ఇవ్వాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి. మూడోదాని దగ్గర వాదన ఇంకా తేలలేదు. సగం మంది చాలంటారు కొందరు, అందరూ ఒప్పుకోవాలంటారు కొందరు. కథ మళ్లీ సికింద్రాబాదు నుంచే వస్తోంది. భోజనాల పద్దు కింద మాత్రం ఎర్ర సిరాతో రాసి ఉంది: షూటింగు చూడటానికి వచ్చేవారు తమ డబ్బా తామే తెచ్చుకోవాలి.